కొట్టేసిన పద్దు

ఎర్రగుంట్ల బండల గని దుమ్ము
రెండు బిందెలు పోసుకున్నా పోదు.
చెవి వెనకాల, గోటి సందున,
సంస్కారపు ఆదివారం గూడా
అరచేతి గీతల్లో బూడిదగా ఉంటాది.
అయ్యగారు రొట్టె విరిచి పెట్టేటప్పుడు
చెయ్యి సగమే తెరుస్తా.
ఆయన చూడనట్టే ముందుకు పోతాడు.

చెప్పుకుంటే సిగ్గు.
తాగినన్నాళ్లూ దస్తగిరి అంగట్లో
నా పేరు మీద రెండు పేజీలు.
బియ్యం, బొరుగులు, బీడీలు,
పాపకు జ్వరం, మాత్రలకని
చేబదులు తీసుకోని
నేను తాగేసిన నూర్రూపాయలు గూడా.
మొత్తం పదకొండు వేల నాలుగొందలు.

ఎలీశమ్మ కమ్మలు తీసిచ్చింది.
చెవులకు వేపపుల్లలు గుచ్చుకోని
నా వెనకాలే వచ్చి అంగడి ముందర నిలబడింది.
దస్తగిరి కమ్మలు చూసినాడు, పుల్లలు చూసినాడు,
పుస్తకం తెరిచినాడు.
పెన్ను రాయలేదు.
మొన నాలిక మీద అద్దుకోని
రెండు పేజీల మీదా అడ్డంగా ఒక గీత.
"కమ్మలు తీస్కపో అబ్బీ."
ఏంటికన్నా అంటే,
"ఏంటికో నాకూ తెల్దు.
ఎండలో నిలబడినారు, నీడకు రాండి."

అంతే.
ఆ గీతకు నేను చేసింది ఏమీ లేదు.
అది గీసేటప్పుడు నా నోట్లో
ముందురోజు వాసన ఇంకా ఉండె.

తర్వాతెప్పుడో జ్ఞానాయుధం అయ్యగారు
కృప అంటే ఏమో చెప్తాంటే
అందరూ పైకి చూస్తాండారు.
నా కండ్లకు మాత్రం రూళ్ల కాగితం,
దాని మీద వంకర నీలిగీత,
ఒక ముసలాయన నాలిక మీద ఇంకు మచ్చ.

అప్పట్నుంచి పొద్దున్నే
లారీ దిగిన మూటలు ఆయన అంగట్లోకి మోస్తాండా.
"బాకీ తీరుస్తాండావేమబ్బీ?" అని నవ్వుతాడు.
బాకీ యాడుంది సామీ.
బరువు దిగిన భుజానికి
ఊరకుండటం చాతకావడం లేదు.

సాక్ష్యం చెప్పమంటే ఇంతవరకే చెప్తా.

చెప్పనిది ఒకటుండాది.
ఓబులేసు. రంపం కాడ నా జతగాడు.
నాకు ఇయ్యాల్సింది పద్దెనిమిది నూర్లు.
ఉగాదికన్యాడు, ఉగాది పాయె,
కొత్త ఫోను మాత్రం కొన్యాడు.
టీ అంగడి కాడ, నలుగురిలో, వాని కూతురి ముందర
అనగూడని మాటన్యా.
ఆ పిల్ల క్యారేజీ గట్టిగా పట్టుకోని
నా కాళ్ల పక్క చూసింది.
ఆ ఆదివారమే నేను రొట్టె తీసుకున్యా.

తెలుసు, ఆ ఇద్దరు బాకీదార్ల సంగతి తెలుసు.
అయ్యగారు ఆ వాక్యం తీస్తే
బయటికొచ్చి అందరి చెప్పులూ సర్దుతా.

రాత్రి పండుకునేటప్పుడు కొట్టేస్తా.
తెల్లారేసరికి లెక్క మల్లీ లేచి కూచుంటాది,
వడ్డీతో.

బండకు పాలిషు పట్టేటోన్ని నేను.
ముతకరాయి, నీళ్లు, సన్నరాయి, నీళ్లు,
మల్లీ నీళ్లు.
మెరుపు మనం పూసేది కాదురా,
లోపలున్నదే బయటికొస్తాది అంటాడు మేస్త్రీ.
ఆ మాట బండకైతే బాగానే ఉంటాది.
నా లోపల ఏముందోనని
నాకు దిగులు.

నిన్న సాయంత్రం పోయినా వాళ్లింటికి.
వాకిట్లో ఆ పిల్ల చెనిక్కాయలు ఒలుస్తాంది.
నన్ను చూసి లేచి లోపలికి పాయె.
ఓబులేసు మంచం వాల్చినాడు.
వాన గురించి మాట్లాడినాం,
పెన్నలో నీళ్లు రాని సంగతి,
ఫ్యాక్టరీ సైరను ఈమధ్య ఆలస్యంగా మోగే సంగతి.
అసలు మాట గొంతు దాటలేదు.

లేస్తాంటే ఆ పిల్ల వచ్చి
దోసిట్లో చెనిక్కాయలు పట్టుకోని నిలబడింది.
ఈసారి చెయ్యి
పూర్తిగా తెరవాల్సొచ్చె.

పద్దు ఇంకా కొట్టేయలేదు.
రేపు మల్లీ పోతా.
పెన్ను జేబులోనే ఉండాది.
రాయకపోతే ఏం చెయ్యాలో
చూసి నేర్చుకున్యా.