రాతి నాలుక మీద

ముప్ఫై ఒక్కేళ్ళు నా కాళ్ళు నేలకు ఆనలేదు.
త్రియెస్తే రేవులో, నీటికి పదంతస్తుల పైన,
క్రేను గాజుగదిలో కూర్చుని
లోకం బరువులు ఎత్తాను, దించాను.
కాఫీ బస్తాలు, పాలరాళ్ళు, ఒకసారి చర్చి గంట.
నా ఒంటి బరువు మాత్రం
ఎప్పుడూ కుర్చీకే అప్పగించాను.

అక్కడి నుంచి కనిపించేది పాత రేవుగట్టు,
సముద్రంలోకి చాపిన రాతి నాలుక.
దానిమీద పొద్దునా సాయంత్రం చీమలబారు.
కొసదాకా వెళ్ళడం, వెనక్కి రావడం.
కొసన దుకాణం లేదు, ఎక్కడానికి పడవా లేదు.
'కాలికి బలపం కట్టుకున్నారు, పాపం'
అని నవ్వుకుంటూ
ఇంకో సాండ్‌విచ్ పొట్లం విప్పేవాణ్ణి.

డాక్టర్ ఫుర్లాన్ కాగితం నా వైపు తిప్పింది.
చక్కెర అంకె కింద ఎర్రగీత, రెండుసార్లు గీసింది.
"మందు రాస్తాను. అది సగం మందే.
మిగతా సగం మీ బూట్లలో ఉంది, లివియో."
బూట్లకేసి చూసుకున్నాను.
కొత్తవి.
పదకొండేళ్ళుగా కొత్తవి.

మొదటిరోజు
ఓడల్ని కట్టేసే ఇనపమొద్దుల్ని లెక్కపెట్టాను.
మూడో దాని దగ్గర ఊపిరి అయిపోయింది.
దానిమీదే కూలబడ్డాను, లంగరేసిన ఓడలా.
పిక్కలు నన్ను తిట్టాయి, అచ్చంగా మా పేటయాసలో.
అప్పుడే నెరీనా నన్ను దాటిపోయింది.
డెబ్బై ఎనిమిదేళ్ళు. పక్షవాతం వచ్చిపోయాక
ఎడమకాలిని
బడికి రానని మారాం చేసే పిల్లాడిలా
వెంట లాక్కుపోతోంది.
ఆగకుండానే అంది:
"మొదటి నెల సిగ్గు. ఆ తర్వాత ఆకలి."

నిజమే.
ఆకలంటే అన్నానిది కాదు.
వాన పడి వెళ్ళలేని రోజున
మోకాళ్ళు బల్లకింద గిలగిల్లాడతాయి,
తలుపు దగ్గర తోక ఊపే కుక్కల్లా.

బోరా గాలి కొండమీంచి విరుచుకుపడే రోజుల్లో
ఎగిరిపోకుండా నెరీనా కోటు జేబుల్లో
రెండు కిలోల బియ్యం వేసుకొస్తుంది.
"ఇంటికెళ్ళాక వండేస్తా" అంటుంది.

వేలికొస నెత్తుటిచుక్క చెప్పే లెక్క
మెల్లగా దిగింది.
ఈస్టర్ రొట్టె వారం మళ్ళీ ఎగబాకింది.
సిగ్గుపడి దిగింది.
డాక్టర్ రాసుకునేది అంతవరకే.
నేను రాసుకునేవి వేరు:
ఊపిరి బిగపట్టకుండా వంగి లేసు కట్టుకున్న మంగళవారం.
తెల్లారి నాలుగింటికి మెలకువ రాని రాత్రి.
చక్కెర లేని కాఫీలో
మొదటిసారి దొరికిన కాఫీ.
ఇంకా, వాసన.
గాజుగదిలో సముద్రానికి వాసన లేదు.
ముప్ఫై ఒక్కేళ్ళు దాన్ని బొమ్మలా చూశాను.

ఇవాళ కొసన నిలబడి తలెత్తాను.
నా క్రేను మెడ తిప్పుతోంది.
లోపలెవరో కుర్రాడు.
చెయ్యి ఊపాను.
కింద ఒక చీమ మీసం కదిపిందని
అతనికి తెలిసిందో లేదో.
పొట్లం విప్పుకుంటూ ఉంటాడు.

రాతిలో పొదిగిన కంచు దిక్సూచి మీద
గాలుల పేర్లన్నీ చెక్కి ఉన్నాయి.
తొక్కకుండా దాని చుట్టూ తిరిగి
వెనక్కి బయల్దేరాను.

నెరీనా ఇంకా మూడో మొద్దు దగ్గరే ఉంది.
గాలి లేదు, జేబులు ఖాళీ.
అయినా అక్కడే ఉంది.
అటుకేసి నడిచాను,
పక్కన నడవడానికి ఎంత మెల్లగా నడవాలో
దారిలోనే నేర్చుకుంటూ.