సూది తిరిగిందా

మొనైడా కనుమ దిగుతున్నప్పుడు తెలిసింది.
కాలు నొక్కితే ట్రక్కు ఆగుతోంది,
వెనకాలది ఆగనంటోంది.
తొంభయ్యారు పెట్టెల తేనెటీగలు
వీపు మీద చేతులేసి నెట్టే గుంపులా
మమ్మల్ని వాలులోకి తోస్తున్నాయి.

లైమా దాటాక కంకర జాగాలో ఆపాం.
రాత్రి రెండూ నలభై.
హోమ్‌స్టేక్ దిగుడు ఇంకా ముందే ఉంది.
తెల్లారిందా, వల కింద ఈగలు లేస్తాయి.
లేచినవాటికి మా గమ్యంతో పనిలేదు.

డాష్‌బోర్డు కింద కంట్రోలరు
ఎర్రగా ఎనిమిది అంకె చూపిస్తోంది.
అబద్ధమేం కాదు,
పంపినంత పంపానంటోంది.
చేరిందో లేదో దానికేం తెలుసు?

"చెవి పెట్టి విను రాస్మస్" అంది ఆర్లెట్,
"అయస్కాంతం పట్టుకుంటే
డ్రమ్ము లోపల సన్నగా మూలుగుతుంది."
చెవి పెట్టాను.
బండి బండంతా మూలుగుతోంది.
అన్ని లక్షల రెక్కల రొదలో
నాలుగు అయస్కాంతాల గొంతు
ఏ చెవి ఏరుకుంటుంది?

అప్పుడు తీసింది చొక్కా జేబులోంచి
మొక్కజొన్న అటుకుల పెట్టెలో వాళ్ళ మనవడికి దొరికిన
ఆకుపచ్చ ప్లాస్టిక్ దిక్సూచి.
అరవై మూడేళ్ళ మనిషి
మోకాళ్ళని తిట్టుకుంటూ కంకర మీద పడుకుంది.

"నొక్కు."
నొక్కాను.
"వదులు."
వదిలాను.
"నొక్కావా అసలు?"
"వేలు నొప్పెడుతోంది."
"ఉత్తరం వదిలి జరగట్లేదు ఇది."

ప్లగ్గు ఊడదీశాం.
ఏడు పిన్నుల్లో రెండు పచ్చబడ్డాయి.
చాకు మొనతో తోమి, కాస్త గ్రీజు రాసి, మళ్ళీ పెట్టాం.
"నొక్కు." "వదులు."
సూది కొంచెం వణికిందట, చలికి వణికినట్టు.

బండి తెగిపోతే తనకు తానే ఆగడానికి
ట్రైలరు మెడకో తీగ ఉంటుంది.
విసుగొచ్చి అది లాగేసింది ఆర్లెట్.
సూది గిర్రున తిరిగింది!
ఒక చక్రం దగ్గర, రెండో చక్రం దగ్గర, మూడో దగ్గర.
నాలుగో దగ్గర, అయిష్టంగా.
అంటే అయస్కాంతాలు బతికే ఉన్నాయి,
సొంత బ్యాటరీ పిలిస్తే పలుకుతున్నాయి.
మా పిలుపే అందడం లేదు.

తీగ మళ్ళీ బిగించి మళ్ళీ మొదలు.
"నొక్కు."
ఈసారి ఊరికే అద్దంలోకి చూశాను.
నేను నొక్కినప్పుడల్లా
ట్రైలరు ఎర్ర దీపాలు మసకబారుతున్నాయి.
వదిలితే తేరుకుంటున్నాయి.
ఇందాకట్నుంచీ ఇలాగే జరిగుంటుంది.
ఆవిడ కళ్ళు సూది మీద,
నా కళ్ళు ఆ ఎనిమిది మీద.

"దీపాలు తగ్గుతున్నాయి" అన్నాను.
కంకర మీద ఒక్క క్షణం మాట లేదు.
తర్వాత, నన్ను కాదు, బండిని బూతు తిట్టింది.
"ఎర్త్ రా! ఎర్త్ పోయింది!"

కరెంటుకి వెళ్ళే దారి ఉంది,
తిరిగొచ్చే దారి లేదు.
వెళ్ళిందంతా గ్రీజు పూసిన గూటం దగ్గర
కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు వెతుక్కుంటోంది.

తెల్ల వైరు చివర బోల్టు
నిరుటి మంచు ఉప్పుకి పొరలు పొరలుగా ఊడుతోంది.
మైనం గీకే ఇనుప బద్దతోనే గీకింది,
తుప్పు తేనె రంగులో రాలింది.
కింద ఇనుము తెల్లగా కనబడేదాకా గీకింది.

"నొక్కు."
దీపాలు కదల్లేదు.
"తిరిగిందా?"
జవాబు రాలేదు.
కాసేపటికి నవ్వు వినిపించింది,
బండి కింద నుంచి వచ్చే నవ్వు గొంతు ఎవరిదో పోల్చలేం.

నాలుగోది ఇంకా బద్ధకంగానే ఉంది.
ఇరుసు గొట్టం లోపల వైరు ఒరిసి ఉంటుందంది,
డకోటా చేరాక విప్పుదామంది.
మూడు చక్రాలతో హోమ్‌స్టేక్ దిగాలా?
నెమ్మదిగా దిగుదాం, అంది.

తూర్పున బూడిద రంగు తేలుతోంది.
వల అంచున ఒక ఈగ
నడిచి నడిచి ఆగి,
మళ్ళీ లోపలికి తిరిగింది.
దిక్సూచి డాష్‌బోర్డు మీద పెట్టింది ఆర్లెట్.
ఇంజను తిప్పగానే
సూది ఎటో చూడబోయి,
ఇంకా తేల్చుకోలేదు.