మెరవని మాటు

పలమనేరు పక్క పాలకేంద్రం నుంచి
తిరిగొచ్చింది ఈ బోర్డు,
వెన్నశాతం కొలిచే మిషను లోపలిది.
చుట్టిన చీటీ మీద బాల్‌పెన్ను రాత:
"ఒక్కోసారి సున్నా చూపిస్తాది.
ఒక్కోసారి సరిగ్గానే ఉంటాది."

ఏర్పేడు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
మైక్రోస్కోపులో కన్ను పెడితే
రెండేళ్ళ కింద నేనే పాస్ చేసిన మాట్లు
వరసగా, మబ్బుపట్టిన పొద్దుల్లా.

పుత్తూరు రైలుగేటు కాడ
మా చిన్నాయన వేలాయుధానికి రేడియో కొట్టుండేది.
"మెరిస్తేనే మాటు, మే" అనేవాడు.
సీసం కలిసిన తీగ తాకీ తాకగానే
వెన్నలా కరిగి, పాదరసంలా నిలిచేది.
ఆయన అతికిన రేడియోలు ఇంకా పలుకుతున్నాయి.
ఆయన కుడిచెయ్యి మాత్రం
టీ గ్లాసు కిందే వణుకుతుంది.
తీగను పళ్ళ మధ్య పట్టుకునే అలవాటు.
సీసమేనో, వయసేనో,
డాక్టరు తేల్చలేదు.

సీసం వద్దన్నారు. మంచిదే.
ఇప్పుడు తగరం, చిటికెడు వెండి, రవంత రాగి.
పొయ్యి ఇంకో ముప్పై డిగ్రీలు మండాలి,
బోర్డు కమిలినా ఓర్చుకోవాలి.
మంచి మాటుకి మెరుపుండదని
ట్రైనింగు మొదటిరోజే చెప్పారు.
చెడ్డదానికీ ఉండదని
ఎవరూ చెప్పలేదు.

పగుళ్ళు వెతికాను. లేవు.
వెలుతురు ఏటవాలుగా పడేలా వంచాను.
రెండు కాళ్ళ మధ్య ఒక వెంట్రుక.
ఎక్కడినుంచీ రాలి పడలేదు,
లోపలి ఒత్తిడి ఓపలేక
కాలి పూతలోని తగరమే మొలిపించుకుంది.
సీసముంటే మొలవనిచ్చేది కాదంటారు.
కొండ బస్సుల్లోంచి తెల్లారకముందే
నున్నటి గుండ్లు దిగే ఊరు మాది.
వెంట్రుకను ఇంత భయంగా చూసింది ఇవాళే.

చీటీ వెనక ఇంకెవరిదో చేతిరాత:
"కుప్పమ్మ. పాలల్లో నీళ్ళు. మూడు వారాలు బిల్లులో కోత."

నీ ఆవు అబద్ధమాడలేదు కుప్పమ్మా.
గట్టిగానే అన్నానేమో,
ఊపిరి తగిలి వెంట్రుక ఊడిపోయింది.

టెస్టు జిగ్గుకి తగిలించాను.
నాలుగు పాయింట్ రెండు.
మళ్ళీ. నాలుగు పాయింట్ రెండు.
పదిసార్లు.

రిపోర్టులో రెండే గడులు:
లోపముంది. లోపం కనబడలేదు.
సూపర్‌వైజరు నాగభూషణం గడియారం చూస్తున్నాడు.
కుప్పమ్మ మూడు వారాలకి గడి లేదు.

పెన్ను మూత పళ్ళ మధ్య పట్టుకున్నాను,
చిన్నాయన తీగను పట్టుకున్నట్టే.