మినిట్స్ పుస్తకానికి ఎక్కనివి

ఎల్ ఆల్తో. ఆదివారం, మూడుంపావు.
హాజరు: పంతొమ్మిది మంది.
పుస్తకంలో ఇంతే ఉంది.

పంతొమ్మిది మందికి కుర్చీలు ఏడు.
అందులోనూ ఐదు ఖాళీ.
గోడకు వీపు ఆనించి నిలబడ్డాం,
లోపలి గదిలోంచి ఎవరో గంట కొడతారన్నట్టు.
ఇది రాయలేదు.
మా కాళ్ళకు కూర్చోవడం ఇంకా కొత్త.

రాసేది నేను, ఫోర్తునాతా కోల్కే.
నా అక్షరాలు అమ్మగారి కొడుకు హోంవర్కులోంచి ఏరుకున్నవి.
వాడు పొట్ట పెద్దగా గీసేవాడు ‘బి’కి,
వాడు మానేశాడు, నేను మానలేదు.

మొదటి అంశం: జనరల్ సెక్రటరీ ఎన్నిక.
ఎవరో ప్రిమితీవా చాంబి పేరు చెప్పారు.
ఎవరు చెప్పారో కూడా రాసుకోమంది ఆమె, కోపంగా.
“నాకు చదువు రాదు.”
చదివి పెడతాం.
“నాకు మాట్లాడటం రాదు.”
మరిప్పుడు మాట్లాడుతున్నదెవరే అంది డోన్యా బసీలియా,
డెబ్భై ఒకటేళ్ళు, రెండు మోకాళ్ళూ పరాయి నేలల మీదే అరిగాయి,
నవ్వుకి టోపీ జారిపోయింది.
“ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ ఎదురు చెప్పలేదు నేను.”
దీనికి ఎవరూ నవ్వలేదు.
కింద వీధిలో మినీబస్సు సేహా, సేహా అని అరుచుకుంటూ పోయింది.

అప్పుడు చెప్పింది.
కలకోతోలో, పదకొండేళ్ళుగా చేస్తున్న ఇంట్లో,
తనకు జబ్బు చేసి ఆస్పత్రి కాగితం నింపాల్సి వస్తే
అమ్మగారి కలం మధ్యలో ఆగిపోయిందట.
ఇంటిపేరు తెలీదు.
పిల్లల్ని కేకేసి అడిగిందట, వాళ్ళకూ తెలీదు.
ఆ ఇంటి కుక్కకు టీకా కార్డు మీద ఇంటిపేరుంది.
“నువ్వు మా ఇంటి మనిషివేగా” అని నవ్వేసిందట.
ఇంటి మనిషికి బోనసేమిటనో ఏమో
డిసెంబరులో మరిచిపోయింది.

చేతులు లేచాయి. పద్దెనిమిది.
తన పేరుకు తను ఓటెయ్యొచ్చా అని అడిగింది ప్రిమితీవా.
వెయ్యొచ్చు.
నెమ్మదిగా ఎత్తింది చెయ్యి,
వేడి గిన్నె మీది మూత తీస్తున్నట్టు.

చప్పట్లు ఆగకముందే
మా జనరల్ సెక్రటరీ లేచి కప్పులు ఏరడం మొదలుపెట్టింది,
ఒక్క చేతి వేళ్ళకే ఐదు.
మేం చూస్తూ ఉన్నాం, మామూలే అనుకుంటూ.
నిజం చెప్పాలంటే నా కప్పు నేనే అందించాను.

“కింద పెట్టు” అంది డోన్యా బసీలియా.

కార్మిక శాఖకు ఉత్తరం పది నిమిషాల్లో తేలింది.
కప్పుల దగ్గర ముప్పావుగంట.
ఎవరిది వాళ్ళు కడుక్కోవాలని ఒకరు.
బకెట్ మోసేది నువ్వా, మూడంతస్తులు, అని ఇంకొకరు.
చిన్నవాళ్ళు కడగాలి, అదే పద్ధతి, అని వెనకనుంచి.
పదిహేడేళ్ళ యెస్సికా అప్పటిదాకా నోరు విప్పలేదు.
“అదే మాట చెప్పి
పన్నెండో ఏట నన్ను పనిలో పెట్టారు” అంది.
స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్నాయి. ఎవరూ కట్టెయ్యలేదు.

తీర్మానం ఒకటి: కప్పులు వంతులవారీగా.
సెక్రటరీకీ ఒక వంతు. ఒక్కటే.
ఇది పుస్తకంలో ఉంది, పొట్ట పెద్ద ‘బి’లతో సహా.

సోమవారం ఆరున్నరకి కేబుల్ కారు.
కింద లోయలో దీపాలింకా ఆర్పలేదు.
ప్రిమితీవా నా ఎదురుగా కూర్చుంది.
కాంట్రాక్టు కాగితం చారల మూటలో, రొట్టెల కింద.
అద్దానికేసి చూస్తూ మాట సాధన చేస్తోంది.
“ఆదివారం సెలవు ఇస్తారా, అమ్మగారూ?”
ఇస్తారా తీసెయ్యి, అన్నాను.
“ఆదివారం నాకు సెలవు, అమ్మగారూ.”
అమ్మగారూ?
చాలాసేపు ఆలోచించింది.
అది ఉండనీ, ఇవాళ్టికి, అంది.

స్టేషనొచ్చింది.
అలవాటు, పక్కకు తప్పుకుని అందర్నీ ముందు దిగనిచ్చింది.
ఆమె ముందు దిగాలని నేను ఆగాను.
నేను దిగాలని ఆమె.
తలుపులు మూసుకోవడం మొదలైంది.