కాలివేళ్ళకు సెలవు

ముప్పై ఏళ్ళూ నా కాలే నాకు పట్టకారు.
పలకని కుడిపాదం కింద తొక్కిపట్టి
బొటనవేలికీ పక్కవేలికీ మధ్య బిగించి
గొంతుక్కూచుని చిత్రిక పట్టాను
ఈ ఊళ్ళో ఎన్ని తలుపులో, ఎన్ని ఉయ్యాల బల్లలో.
ఉలి జారినప్పుడల్లా వేలు లెక్క రాసుకుంది.
ఏడు మచ్చలు. ఒకటి మా పెళ్ళినాటిది.

కేజీహెచ్‌లో డాక్టరమ్మ
మోకాలి ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి
"ఇంక కింద కూర్చోకూడదు" అంది.
కూర్చోకుండా వడ్రంగం ఎలా చెయ్యాలో
ఆ ఫోటోలో ఎక్కడా లేదు.

దాలినాయుడు పోర్టులో క్రేను నడుపుతాడు.
ఓడలో సరుకు కదలకుండా దిగ్గొట్టే దుంగలు
వేలంలో ఎనిమిది తెచ్చిచ్చాడు.
ఏ దేశపు చెట్టో, ఏ మంచులో పెరిగిందో,
రంపం పెడితే నిమ్మతొక్క వాసన.
ఒకదాని మీద కాల్చిన ముద్ర,
మా వీధిలో ఎవరికీ రాని అక్షరాలు.
వాటిని చెరపబుద్ధి కాలేదు.
లోపలివైపుకి తిప్పి, కాలు చేశాను.

పైపలక మాత్రం ఇక్కడిదే.
హుద్‌హుద్ నాడు మర్రిపాలెంలో కూలిన నిద్రగన్నేరు.
ఇన్నాళ్ళూ మా మంచం కింద పడుకుని ఎండింది,
అసిరితల్లి దాని మీద ఉల్లిపాయలు పరిచేది.
మూడంగుళాల మందం.
మేడ మీదికి మొయ్యలేక, కిందికి దించలేక
మెట్ల మలుపులో దాని మీదే కూచుని
ఇద్దరం టీ తాగాం.

ఎత్తెంతుండాలి?
ఏ మేస్త్రీ చెప్పలేదు. మేమంతా నేలమీది మనుషులం.
గోడకానుకుని చేతులు వదిలేసి నిలబడితే
మణికట్టు ఎముక దగ్గర అసిరితల్లి సుద్దగీత గీసింది.
"కర్రకి చొక్కా కుట్టిస్తన్నావేటి?" అని నవ్వింది.

మేకు ఒక్కటీ వాడలేదు.
ఈ సముద్రపు గాలి ఇనుముని నమలకుండా వదలదు,
మా గేటు గొళ్ళెం మూడేళ్ళు బతికితే గొప్ప.
కుసికి బెజ్జం, బెజ్జానికి తుమ్మ చీల.
మూడో కాలి దగ్గర కొలత తప్పింది, నూలు పైన.
చెప్పొద్దూ, అక్కడొక సన్నటి చెక్కపేడు ఇరికించాను.
మీకు చూసినా కనబడదు.
నాకు చూడకపోయినా కనబడుతుంది.

అవిసెనూనె పూసిన రోజు గాలి పోర్టు వైపు నుంచి.
శ్రావణమాసపు ముసురు. నాలుగు రోజులైనా ఆరలేదు.
ఆ జిడ్డు మీద నల్లదుమ్ము వాలింది,
ఆరేసిన బట్టల మీద వాలినట్టే.
ఉప్పుకాగితంతో రుద్దాను, మళ్ళీ పూశాను.
మళ్ళీ వాలింది.
మూడోసారి పాతలుంగీ ముక్క తీసుకుని
దుమ్మునీ నూనెనీ కలిపి కర్రలోకే తోసేశాను.
ఆ రంగుకి కొట్లో పేరు లేదు.
అడిగినవాళ్ళకి జ్ఞానాపురం రంగని చెప్తాను.

బొగ్గు గూడ్సు వచ్చే వేళకి
అంచుదాకా నింపిన గ్లాసు నడిమధ్యన పెట్టాం.
వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి,
కిటికీ రెక్క పళ్ళు కొరికింది.
యాభై ఎనిమిది పెట్టెలు, దాలినాయుడు లెక్కపెట్టాడు.
నీళ్ళ మీద సన్నటి వలయాలు లేచి, సర్దుకున్నాయి.
చుక్క బయటికి రాలేదు.
ఆ నీళ్ళు నేనే తాగాను.

మర్నాడు మొదటి పని
అసిరితల్లి కత్తిపీటకి కొత్త చెక్క.
చిత్రిక సాఫీగా పోతోంది,
రేకులు చుట్టలు చుట్టలుగా లేస్తున్నాయి.
తలెత్తితే కిటికీలో వీధి.
ఇదే గదిలో ఇన్నేళ్ళు పనిచేశాను గానీ
పని చేస్తూ వీధిని చూడ్డం ఇదే మొదలు.
పాలబ్బాయి వెళ్ళాడు. ఎవరో అమ్మాయి సైకిలు నేర్చుకుంటోంది,
పడబోయి పడలేదు.

ఎందుకో కిందికి చూశాను.
కుడికాలి వేళ్ళు రెండూ
వట్టి గచ్చుని
గట్టిగా పట్టుకుని ఉన్నాయి.