చేటెడు తవుడు

తారు రోడ్డు పడింది కదా, బోర్డు రాయమన్నారు.
పసుపు రేకు, నల్లరంగు డబ్బా, రెండు కుంచెలు.
పేరు మాత్రం ఇప్పుడే రాయకు, ఆగమన్నారు.
రాజాం కాలేజీకి పోయే పిల్లలకి
బస్సులో ఊరి పేరు చెప్పాలంటే సిగ్గట.
తవిటివలసా? మరి చిట్టూ నూకా ఎక్కడ దిగుతాయని
కండక్టరు అడుగుతాడట.

కుంచె కడుక్కుని కూచున్నాను.
ఈ రేకు మీద పట్టనిది కొంత నాకు తెలుసు.

నాగావళి ఆవలి గట్టున
సూరీడమ్మకి ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు.
నాలుగోవాణ్ణి బొడ్డు కొయ్యగానే చేటలో పడుకోబెట్టి
పక్కింటావిడకి అమ్మేసింది, చేటెడు తవుడుకి.
చావు బేరగాడు, ఖరీదైన సరుకే చూస్తాడు.
తవుడుకొచ్చినవాణ్ణి ఏం చేసుకుంటాడు?
ఆ తవిటయ్య బతికాడు.

ఏరు ఊరిని కోసుకుపోయిన ఏడు
కావిడి భుజానేసుకుని గెడ్డ దాటి ఇటొచ్చాడు.
ఒక తట్టలో చోళ్ళ విత్తనం, పార, పొదిగే కోడిపెట్ట.
రెండో తట్టలో తల్లి.
తూకం కుదరక తల్లి వైపు ఒక రాయి వేశాడట.
ఆ రాయికే ఇప్పుడు పసుపు రాసి మొక్కుతున్నాం.

అంతా తుమ్మా బలుసూ, ఎర్ర గరువు.
మూడుచోట్ల తవ్వితే రాయి, నాలుగోచోట చెమ్మ.
బావమరిది గంగన్నొచ్చాడు పెళ్ళాంతో, మేకలతో.
నాగలి కర్రు కోసం వంగర దాకా నడవలేక
కమ్మరి బోడెయ్యని బతిమాలి తెచ్చుకున్నారు
ఏడాదికి రెండు కుంచాల గంటెలిస్తామని.
ఇచ్చారో లేదో గాని
వాడి మునిమనవలు తాగినప్పుడల్లా ఆ మాటెత్తుతారు.

నాలుగు చుట్టిళ్ళు లేచినా ఊరు కాలేదు.
గంగన్న పెళ్ళాం నాటిన ఆనపపాదు
బోడెయ్య చూరెక్కి కాసింది.
కాయెవరిది?
మూడు రోజులు అరుచుకుని, నాలుగోనాడు
తీర్పు చెప్పమని తవిటయ్యని పిలిచారు.
కాయ నిలువునా కోసి చెరోసగం ఇచ్చాడు,
గింజలు తను ఉంచుకున్నాడు.
అదిగో, ఆ పూట ఊరైంది.

దివాణం గుమాస్తా శిస్తు రాయడానికి గుర్రమ్మీదొచ్చాడు.
"ఊరి పేరేటి?"
"ఇంకా ఎట్నేదు బాబూ."
"నీ పేరేటి?"
చెప్పాడు. తవుడు మీద శిస్తేమిటని నవ్వి
రెండణాలు రాసుకుని పోయాడు గుమాస్తా.

కలరా పక్కూరి దాకా వచ్చి వెనక్కి తిరిగిందని
మా తాత గొప్పగా చెప్పేవాడు.
కరెంటూ అంతే, పక్కూరి దాకా వచ్చి
ఇరవయ్యేళ్ళు అక్కడే నిలబడింది.
బడి, నర్సమ్మ, కంకర కూడా.
చావుకి కనపడకూడదని పెట్టుకున్న పేరు
మమ్మల్ని ఎవరికీ కనపడనివ్వలేదు.
మా అక్కని నొప్పులతో మంచమ్మీద మోసుకెళ్ళిన రాత్రి
గెడ్డ పొంగింది.
ఆ సంగతి ఇక్కడితో ఆపుతాను.

ఇప్పుడు నూట పది గడపలు, మూడు వీధులు.
కింది వీధికీ నడిమి వీధికీ మాటల్లేవు.
గోగు పోయి జీడి వచ్చింది.
మగాళ్ళు సగం మంది హైదరాబాదులో
పద్నాలుగో అంతస్తు మీద సెంట్రింగు కొడుతున్నారు.
గెడ్డవతల ఇటుకబట్టీ పనికని ఒడిశా నుంచి
ఏడు కుటుంబాలొచ్చి నీలం బరకాలు కట్టుకున్నాయి.
మొన్న వాళ్ళ మేక మా చేలో పడింది. తగువు మొదలైంది.

మీటింగులో లక్ష్మీపురం అన్నారు, శ్రీనగరన్నారు,
ఎవడో సాయి ఎన్‌క్లేవ్ అన్నాడు.
గోడవారగా కూచున్న పారమ్మ
"పెద్ద పేరెడితే పెద్దోడు సూత్తాడ్రా" అంది.
కుర్రాళ్ళు నవ్వారు. ఏదీ తేలలేదు.
పొద్దు వాలుతోంది, డబ్బాలో రంగు తొరక కడుతోంది.

ఎవర్నీ అడక్కుండా రాసేశాను: తవిటివలస.
కింద జనాభా అని రాసి, అంకె దగ్గర ఆగాను.

పై వీధిలో తాతయ్యలు కూతురికి నొప్పులు.
రోడ్డు మీంచి అంబులెన్సు గుమ్మం దాకా వచ్చింది.
వాళ్ళమ్మ మాత్రం చేట పట్టుకుని
ఇల్లిల్లూ తిరుగుతోంది.
తవుడెవరింట్లోనూ లేదు.
మిల్లులో కేజీ ఇరవై రెండట.