ఎన్ని కాయలు?

గట్టిగా పట్టుకోండి, మలుపులో వంగుతాను.
మంచి తిండి ఎక్కడ అని కదా అడిగారు,
ఫోన్లో మీరు చూపించిన ఆ చుక్కల హోటలు వద్దు.
అక్కడ చల్లగాలికి కూడా బిల్లు కట్టాలి,
కారం అడిగితే
క్షమాపణ చెప్పినట్టు రెండు ఎర్ర ముక్కలు చల్లుతారు.

నా పేరు ప్రయూన్. నారింజ చొక్కా మీద నంబరు పద్నాలుగు.
ఇరవై రెండేళ్లుగా ఈ బాంకాక్‌లో
ముక్కు చెప్పిన వైపే బండి తిప్పుతున్నాను.
ఇదిగో, కాలిన పంచదార: అరటిపళ్లు వేపే ముసలాయన.
ఇది కాలవ, ఊపిరి బిగబట్టండి.
ఇది వెల్లుల్లి, మిరియాలు, పంది మాంసం.
బాగానే ఉంటుంది గానీ మన దారి అది కాదు.

ఒకటి గుర్తుంచుకోండి,
బోర్డు ఎంత పెద్దదైతే వండే చెయ్యి అంత చిన్నది.
టాక్సీలు అడ్డదిడ్డంగా ఆపి ఉన్నచోట,
నైట్ డ్యూటీ నర్సులు చెప్పులు విడిచి కూర్చున్నచోట,
కుర్చీ కాలు విరిగినా ఎవరూ లేవనిచోట ఆగాలి.
అంతకన్నా ముందు చెవి పెట్టాలి.
మట్టి రోట్లో కర్ర రోకలి
పోక్, పోక్,
మధ్యలో గరిటె గీరిన చిన్న చప్పుడు,
మళ్లీ పోక్.
తొంగ్బై అక్క దెబ్బ వేరు. దంచుతున్నట్టుండదు,
పిల్లాడి వీపు తట్టినట్టుంటుంది.

ఇదే మూల. దిగండి.

లేదు.

కిందటి నెల దాకా ఇక్కడే ఉండేది బండి.
ఇప్పుడు మునిసిపాలిటీవాళ్ల పూలకుండీలు,
కొత్తగా గీసిన పసుపు గీత,
గీత కింద ఇంకా పోని కోడి కొవ్వు మరక.
లాటరీ టికెట్లమ్మే వీరయుత్‌ని అడిగితే
వంతెన కింద అన్నాడు.
వంతెన కింద కార్లు కడిగే కుర్రాడు
ఆసుపత్రి వెనక అన్నాడు, నీళ్ల పైపు ఆపకుండానే.
ఆసుపత్రి వెనక కుట్టుమిషను అవ్వ
పెదాల మధ్య సూది అలాగే ఉంచి
గడ్డంతో చూపించింది:
మూతపడ్డ సినిమాహాలు.

మీకు విసుగొస్తోందని తెలుసు.
నా బండికి మీటరు లేదు, భయపడకండి.

ఇంజను ఆపాను.
వానకి ముందు గాలి. రేకుల మీద ఎండుటాకులు.
అప్పుడు
పోక్.

విన్నారా! అదిగో, టికెట్ల కిటికీ ముందు.
పాత పోస్టరులో హీరో ముఖం సగం చిరిగి,
మిగిలిన సగం ఆవిరికి చెమ్మగిల్లి,
దాని కింద ఆమె. అదే రోలు. అదే నీలం గొడుగు.
ఎన్నాళ్లయిందీ అనదు. ఎవరినీ అనదు.
మా పేర్లు ఆమెకి తెలియవు, మిరపకాయల లెక్కే తెలుసు.
ఆ బల్ల దగ్గర మూడు కాయల సెక్యూరిటీ గార్డు,
ఈ మూల పన్నెండు కాయల బ్యాంకు పిల్ల.
నేను ఏడు.

మిమ్మల్ని ఒక్కసారి చూసి నాలుగు తీసింది,
ఒకటి వెనక్కి పెట్టింది.
పచ్చి బొప్పాయి కోరు, నిమ్మబద్ద, ఎండు రొయ్యలు,
ఊరిన చేప నీళ్లు. ముక్కు మూసుకోకండి,
మా ఈసాన్‌లో కోతలయ్యాక
మడిలో మిగిలిన బురద ఇలాగే ఉంటుంది.
వెదురు బుట్టలో జిగురు అన్నం. వేళ్లతో ముద్ద చేసి అద్దుకోండి.
కళ్లు తుడుచుకోకండి, చేతికి కారం ఉంది.

ఇక నాది.
పోయినేడు కడుపులో పుండు పడింది.
కారం మానమన్నాడు డాక్టరు.
అక్కకి చెప్పలేదు, ఇంతమందిలో సిగ్గేసింది.
మందుల సంచీ మాత్రం ఒకరోజు బల్ల మీద మరిచిపోయాను.
అప్పట్నుంచీ, అటు చూడకుండా వినండి,
రోట్లో ఒక్కటే వేస్తుంది.
బ్యాంకు పిల్లకీ, గార్డుకీ వినబడేలా
ఏడు కాయలంతసేపు దంచుతుంది.